రీల్‌లో కనిపించని స్పానర్లు

రాత్రి రెండింటికి, ఆఫ్‌క్యాంపస్ డ్రైవ్‌లకు అప్లై చేసి చేసి విసుగొచ్చి ఫోన్ స్క్రోల్ చేస్తుంటే ముందుగా వచ్చేది అదే. మంచుకొండల మధ్య ఒక క్యాంపర్ వ్యాన్. వెనక తలుపు తెరిచి ఉంటుంది. లోపల భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, పొగలు కక్కే కాఫీ. కింద ‘మేం ఉద్యోగాలు వదిలేశాం’ అని ఒక లైను. దాన్ని గ్రూప్‌లో షేర్ చేసి ‘లైఫ్ అంటే ఇదిరా’ అని రాసేవాళ్లలో సగంమందికి వదిలేయడానికి ఇంకా ఉద్యోగమే రాలేదు.

నాకూ ఆ ప్రయాణాలంటే పిచ్చే. ఏళ్లుగా వాటి గురించి చదువుతున్నా, చూస్తున్నా. నా గొడవల్లా ఒక్కటే. మనం ‘వదిలేశాం’ అన్న మాట దగ్గర ఆగిపోతున్నాం. ఆ తర్వాత వాళ్లు చేసిన పని మన కంట పడట్లేదు.

అర్జెంటీనాకు చెందిన జాప్ కుటుంబాన్నే తీసుకోండి. హెర్మన్, కాండెలారియా దంపతులు 2000 జనవరిలో బ్యూనస్ ఎయిర్స్ నుంచి అలాస్కాకు బయల్దేరారు. అప్పటికి ఆయనకు 31, ఆమెకు 29 ఏళ్లు. ఇద్దరికీ మంచి ఉద్యోగాలున్నాయి, సొంత ఇల్లుంది. ఆరు నెలల్లో తిరిగొచ్చేస్తామనుకున్నారు. తిరిగొచ్చింది 2022 మార్చిలో! 102 దేశాలు, దాదాపు 3,62,000 కిలోమీటర్లు. దారిలోనే నలుగురు పిల్లలు పుట్టారు. ఆండీస్, హిమాలయాలు, నమీబియా ఎడారి అన్నీ ఒకే బండిలో తిరిగారు. ఆ బండి 1928 నాటి గ్రాహం-పెయిజ్. చెక్క పుల్లల చక్రాలు, గంటకు 55, 60 కిలోమీటర్లు దాటని వేగం.

లెక్క వేస్తే రోజుకు సగటున 45 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లు చాలామంది అంతకంటే ఎక్కువే తిరుగుతారు. అంటే ఆ 22 ఏళ్లలో ఎక్కువ భాగం వాళ్లు ప్రయాణించలేదు. బాగుచేసుకున్నారు, సంపాదించుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు, కాగితాల కోసం ఎదురుచూశారు. ఈక్వెడార్ చేరేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. ఆమె బొమ్మలు వేస్తే ఆయన ఫ్రేములు కట్టి అమ్మారు. తర్వాత తమ ప్రయాణం మీద పుస్తకం రాసి, దాన్ని అమ్ముకుంటూ ముందుకెళ్లారు. పిల్లలు పెరిగాక చోటు చాలక కారునే కోసి పొడిగించారు. పిల్లల చదువు దూరవిద్యలో, అమ్మ దగ్గర సాగింది. ఎనిమిది సెట్ల టైర్లు మార్చారు, ఇంజిన్ రెండుసార్లు విప్పి మళ్లీ కట్టించారు. వీళ్లు పని మానేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇంత పాత బండి ఎందుకు అని మొదట నాకూ అనిపించింది. ఆలోచిస్తే అందులో ఇంజినీరింగ్ ఉంది. ఆ కారులో సెన్సర్ లేదు, ఈసీయూ లేదు. ఏది చెడినా కంటికి కనిపిస్తుంది, వెల్డింగ్ షాపువాడో కమ్మరో చేసిపెట్టగలడు. ఇప్పటి డీజిల్ బండిని ఊహించుకోండి. 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర వచ్చిన బీఎస్6 బండ్లు 10 పీపీఎం సల్ఫర్ ఇంధనానికి తగ్గట్టు తయారయ్యాయి. మారుమూల కొండ ఊళ్లో డబ్బాల్లో అమ్మే, సల్ఫర్ ఎక్కువున్న డీజిల్ పోస్తే ఎగ్జాస్ట్‌లోని క్యాటలిస్ట్, ఫిల్టర్ దెబ్బతింటాయి. అక్కడ స్కానర్ ఉన్న వర్క్‌షాప్ ఉండదు. కాలుష్యం దృష్ట్యా కొత్త బండే మంచిది, అందులో వాదన లేదు. కానీ మన చేతిలో ఉన్నది ఎక్కడ పనిచేయదో తెలియడం కూడా చదువే కదా!

కొండల సంగతికొస్తే, 4,500 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 57 శాతమే. టర్బో లేని ఇంజిన్ శక్తిలో దాదాపు 40 శాతం పోతుంది. నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఉడకదు. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. రీల్‌లో అందంగా కనిపించే ఆ వ్యాన్‌లో ఉన్నవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలైతే సున్నా డిగ్రీల కింద వాటిని చార్జ్ చేయకూడదు, సెల్స్ పాడైపోతాయి. పైన సోలార్ ప్యానెల్ మీద ఎండ ఫెళ్లున కాస్తున్నా సరే. ముందు బ్యాటరీని వెచ్చబెట్టాలి.

ఎడారిలో ఇంకో లెక్క. ఇసుకలోకి దిగేముందు 35 పీఎస్ఐ టైర్లను పదిహేను, పద్దెనిమిదికి దించుతారు. టైరు వెడల్పుగా పరుచుకుని బరువు పంచుకుంటుంది. గట్టి రోడ్డెక్కగానే మళ్లీ గాలి కొట్టాలి, లేకపోతే టైరు వేడెక్కి పగులుతుంది. మనిషికి రోజుకు ఐదు లీటర్లు వేసుకున్నా ఆరుగురికి తాగునీళ్లే ముప్ఫై లీటర్లు, అంటే ముప్ఫై కిలోలు. మూడు రోజులకు తొంభై. ఆ బరువు లాగడానికి ఇంకాస్త పెట్రోలు, ఆ పెట్రోలు బరువు మళ్లీ ఇంకాస్త.

ఇవన్నీ మన సిలబస్‌లోవే. కానీ నా సంగతి చెప్తా. బీటెక్ అయ్యాక ఒకసారి మనాలిలో పాత కార్బురేటర్ బుల్లెట్ అద్దెకు తీసుకుని లేహ్ రోడ్డెక్కాను. కేలాంగ్ దాటాక బండి నల్లపొగ వదులుతూ లాగడం మానేసింది. ఇంజిన్ పోయిందనుకుని వణికిపోయా. ఎలాగోలా వెనక్కి తెచ్చి ఒక మెకానిక్‌కి చూపిస్తే, పొగ చూసి, ప్లగ్ విప్పి నాకే చూపించాడు. మసి పట్టి ఉంది. పైన గాలి పలచన, పెట్రోలు మాత్రం కింద వచ్చినంతే వస్తోంది, అంతే. చిన్న జెట్ వేసి, స్క్రూ సరిచేసి పంపించాడు. ఎయిర్-ఫ్యూయల్ నిష్పత్తి 14.7:1 అని బొమ్మతో సహా పది మార్కుల ప్రశ్నకు జవాబు రాసినవాణ్ని నేను! ఆ ప్రశ్న రోడ్డు మీద ఎదురొస్తే గుర్తుపట్టలేకపోయా. మన క్లాసులో ఎంతమంది ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కున్నామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

అలాగని బ్యాగు సర్దుకుని బయల్దేరండి అనడం లేదు. ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లకు, ఇంట్లో చెల్లి ఫీజు చూడాల్సినవాళ్లకు ఆ సలహా ఇవ్వడం అన్యాయం. దాంతోపాటు పాస్‌పోర్టు సంగతి కూడా ఉంది. అర్జెంటీనా పాస్‌పోర్టుకు తెరుచుకునే తలుపులన్నీ మన పాస్‌పోర్టుకు తెరుచుకోవు. ఇక్కణ్నుంచి రోడ్డు మీద మధ్య ఆసియాకు వెళ్దామంటే పడమట పాకిస్థాన్, ఉత్తరాన చైనా. చైనాలో విదేశీ బండి నడపాలంటే అక్కడి గైడ్, ప్రత్యేక అనుమతులు, తాత్కాలిక లైసెన్స్ కావాలి. చాలా దేశాల్లోకి బండి తీసుకెళ్లాలంటే ‘కార్నే’ అనే కస్టమ్స్ పత్రం ఉండాలి. బండిని అక్కడ అమ్మేయబోమని హామీగా దానికి పెద్ద మొత్తంలో డిపాజిటో బ్యాంకు గ్యారంటీయో అడుగుతారు. ఇవేవీ రీల్‌లో ఉండవు.

ఇంకోటి కూడా ఉండదు. 22 ఏళ్ల తర్వాత ఇంటికి చేరబోతూ ఆ పిల్లల్లో ఒకరు, తను బాగా ఎదురుచూస్తున్నది బోలెడంతమంది స్నేహితుల్ని చేసుకోవడానికే అన్నట్టు వార్తల్లో వచ్చింది. అది చదివాక నాకు ఆ కుటుంబం మీద గౌరవం తగ్గలేదు గానీ, అసూయ మాత్రం కొంచెం తగ్గింది.

మరి మనకేంటి? రెజ్యూమెల్లో హాబీల దగ్గర ‘ట్రావెలింగ్’ అని రాసేవాళ్లు కోకొల్లలు. ‘ఎక్కడికి వెళ్లారు’ అని అడిగితే గోవా అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. ఏడాది గ్యాప్ వచ్చినవాళ్లైతే దాన్ని దాచిపెట్టడానికి నానా తంటాలు పడతారు. ఆ గ్యాప్‌లో ఇంట్లో ఇన్వర్టర్ బాగుచేశారా, నాన్న ట్రాక్టర్ క్లచ్ మార్చారా, ఊళ్లో బోరు మోటారు ఎందుకు కాలిపోతోందో కనిపెట్టారా? అది చెప్పండి. నేను ఇంటర్వ్యూ చేసేవాణ్నైతే గోవా కంటే ఆ మోటారు గురించే ఇంకో పావుగంట అడుగుతాను.

చివరి సెమిస్టర్‌కీ జాయినింగ్ డేట్‌కీ మధ్య లద్దాఖ్ వెళ్దామని ఎలాగూ ప్లాన్లు వేస్తుంటారు. కేలాంగ్ దగ్గర తాండీలో ఒక పెట్రోల్ బంకు ఉంది. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడి బోర్డు. ఆ బోర్డు దగ్గర సెల్ఫీ దిగని బైకర్ ఉండడు. మీరూ దిగండి. కానీ బయల్దేరేముందు ఒక కాగితం తీసుకోండి. మీ బండి ట్యాంకు ఎంత, మైలేజీ ఎంత, ఎత్తులో, చలిలో, లగేజీతో అది ఎంతకు పడిపోతుందనుకుంటున్నారు, క్యాన్‌లో ఎన్ని లీటర్లు మోయాలి, ఎందుకు అన్నీ లీటర్లు? రాయండి. తిరిగొచ్చాక అసలు ఎంత అయిందో పక్కనే రాయండి. తేడా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు. సెల్ఫీ ఇన్‌స్టాలో పెట్టుకోండి, ఆ కాగితం మాత్రం ఇంటర్వ్యూ ఫైల్లో పెట్టుకోండి.