తులసి ఆకులో అద్దెకున్నోళ్లు

మా బాపు నా మాట విని నష్టపోయింది ఒక్కసారే. అదీ మిరప చేనులో.

మాది మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర. మూడేళ్ల కింద మిరప మొక్కలు ఒక్కొక్కటే వడలిపోతుంటే, హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఫోన్‌లో సలహా ఇచ్చాను: "బాపూ, ఇంక కెమికల్స్ వద్దు. సూడోమోనాస్ పొడి వెయ్." వేశాడు. అయినా మొక్కలు పోతూనే ఉన్నాయి. "గా పొడికి పైసలు దండుగ బిడ్డా" అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది.

తప్పు ఎక్కడుందో వెతకడమే కదా మన ఉద్యోగం. డీబగ్గింగ్ మొదలుపెట్టాను.

ముందు తెలిసిందేంటంటే, ఇలాంటి మంచి బ్యాక్టీరియా ప్యాకెట్లలోనే ఉండదు. వాకిట్లో తులసి, గట్టు మీద నేలవేము, పెరట్లో పసుపు... వీటి వేర్లు, కాండం, ఆకుల లోపల కూడా కాపురం ఉంటుంది. మొక్క తిండి పెడుతుంది, ఇవి అద్దె కింద పని చేసిపెడతాయి. వీటినే ఎండోఫైట్లు అంటారు.

లోపలివేనా, పైన దుమ్ములో అంటుకున్నవా అని మీకు డౌట్ రావచ్చు. ల్యాబ్‌లో ఆకును ఆల్కహాల్‌తో, బ్లీచ్ ద్రావణంతో కడుగుతారు. చివర కడిగిన నీళ్లను కూడా విడిగా ఒక ప్లేట్‌లో వేసి చూస్తారు. ఆ ప్లేట్‌లో ఏమీ పెరగకపోతేనే, ఆకు ముక్కలోంచి వచ్చినవి లోపలివని ఒప్పుకుంటారు. అచ్చం మనం రాసే టెస్ట్ కేసే!

మరి అద్దె ఏంటి? కొన్ని మట్టిలో ఇరుక్కున్న భాస్వరాన్ని కరిగించి వేరుకి అందిస్తాయి. కొన్ని వేరు పెరిగే హార్మోన్ తయారుచేస్తాయి. ఇంకొన్ని చుట్టుపక్కల ఇనుమునంతా ముందే పట్టేసి, తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని ఆకలికి మాడుస్తాయి. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనైతే మూలికా మొక్కల ఆకులతో చేసిన వర్మీకంపోస్ట్ నుంచి స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవుల్ని వేరుచేసి, శనగ ఎండు తెగులు మీద పరీక్షించారు.

మరి మా చేనులో ఏమైంది? బాపుని అప్పుడు అడిగాను. పొడి వేయడానికి రెండు రోజుల ముందే రాగి మందు పోశాడట. ప్యాకెట్‌ని వారం రోజులు రేకుల షెడ్డులో ఎండకి పెట్టాడట. అది మందు కాదు, ప్రాణం. రాగి, ఎండ రెండూ దానికి శత్రువులే. తులసి ఆకులు మరిగించి చల్లినా అంతే, మరిగితే చాలావరకు బ్యాక్టీరియా బతకదు. ఇవేవీ బాపు తప్పులు కావు. అడగకుండా సలహా ఇచ్చింది నేను.

పోయినేడు మళ్లీ చేశాం. ప్యాకెట్ మీద రిజిస్ట్రేషన్ నంబర్, గడువు తేదీ, గ్రాముకి ఎన్ని బతికున్న కణాలో చూసి కొన్నాం. నీడలో దాచాం. నారు వేర్లు ముంచి నాటాం, మిగిలింది మాగిన పశువుల ఎరువులో కలిపి సాయంత్రం పూట వేశాం. ఎండిన మొక్కలు తగ్గాయి. నేను వెంటనే స్టేటస్ పెట్టబోతుంటే బాపు ఆపాడు.

"వానలు తక్కువ పడ్డందుకే బతికినయేమో. ఈసారి రెండు సాళ్లు ఏం ఎయ్యకుండ ఇడిసిపెడుదాం. అప్పుడు ఎరుకైతది."

ల్యాబ్‌లో కడిగిన నీళ్ల ప్లేట్ గురించి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు.