రాతిలో చర్చి, రాతి కుర్చీ

ద్రాక్షసారాకు పేరుమోసిన ఊరికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చిన మనిషిని చూడాలంటే నన్ను చూడండి. ఫ్రాన్సులో ఉద్యోగాలు చేసుకుంటున్న మా అమ్మాయి, అల్లుడు మొన్నటి సెలవుల్లో మా దంపతులను సెయింట్ ఎమిలియన్ అనే చిన్న ఊరికి తీసుకువెళ్ళారు. బోర్డో నగరానికి సుమారు 40 కిలోమీటర్లు. ఎటు చూసినా ద్రాక్షతోటలే. 1999లో ఈ తోటలకూ ఊళ్ళకూ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

నాకు నచ్చింది మాత్రం అక్కడి పాత చర్చి. మీలో ఎల్లోరా కైలాసాలయం చూసినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. అది కొండను పైనుంచి చెక్కుకుంటూ దిగిన గుడి. ఇది సున్నపురాతి గుట్టను లోపలికి తొలిచిన చర్చి. 12వ శతాబ్దం నాటిది, పొడవు 38 మీటర్లు. గుట్ట నెత్తిన గంటల గోపురం. గైడు లేనిదే లోపలికి పోనివ్వరు.

ముందుగా, 8వ శతాబ్దంలో ఎమిలియన్ అనే సన్యాసి నివసించాడని చెప్పే గుహ చూపించారు. అందులో ఒక నీటి ఊట, రాతిలోనే మలిచిన ఒక కుర్చీ. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు అందులో కూర్చుంటే కడుపు పండుతుందని అక్కడివారి నమ్మకం. మనవాళ్ళు గుడి చెట్టుకు ఉయ్యాల కట్టడం లాంటిదే. గైడు చెబుతుంటే అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. అమ్మాయికి పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. నొచ్చుకుంటుందని ఆ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తము. మా ఆవిడ "కూర్చోవే" అనబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అమ్మాయి తనంతట తానే వెళ్ళి కూర్చుంది. అల్లుడు ఫొటో తీయబోయి మానుకున్నాడు.

తరువాత చర్చి లోపలికి వెళ్ళాము. చల్లగా, మసకగా ఉంది. ఫ్రెంచి విప్లవకాలంలో సురేకారం కోసం గోడలు గీకేయడంతో పాత వర్ణచిత్రాలు చాలావరకు పోయాయట. లావుపాటి స్తంభాలకు ఉక్కు పట్టీలు బిగించి ఉన్నాయి. "ఇంత అందమైన కట్టడానికి ఈ ఇనుమేమిటి?" అన్నాను. పైన గోపురం బరువు, కిందనుంచి ఎక్కే చెమ్మ, రెండూ కలిసి రాయి బలహీనపడిందని, అందుకే ఆసరా పెట్టారని గైడు చెప్పింది. వందల ఏళ్ళు మోసిన స్తంభానికే ఆసరా కావలసివచ్చింది. దాన్ని ఎవరూ దాచిపెట్టలేదు కూడా.

బసకు వచ్చాక అమ్మాయిని మొదటిసారి అడిగాను, "ఏమ్మా, డాక్టర్లు ఏమంటున్నారు?" అని. గంటసేపు చెప్పింది. ఎన్ని పరీక్షలు, ఎన్ని నిరాశలు! "మీరు అడగకపోతే, మీకు పట్టలేదనుకున్నాను నాన్నా" అంది. మేమేమో మాట్లాడకపోవడమే మర్యాద అనుకున్నాము.

కుర్చీ మహిమ సంగతి నాకు తెలియదు. ఇది అమ్మాయిని అడిగే రాస్తున్నాను. "రాయండి నాన్నా, ఇంకో ఇంట్లోనైనా అడుగుతారు" అంది.