తాళం వేసిన సూక్ష్మదర్శిని

గోదావరి కాలువల నడుమ ఒక చిన్న కాలేజీలో నేను జంతుశాస్త్రం చెబుతున్నాను. మా బి.ఎస్సి.లో చేరే పిల్లల గురించి ఊరి పెద్దమనుషుల అభిప్రాయం ఒకటే: "పాపం, డాక్టరు సీటు రానివాళ్ళు." ఈ మాటను తల్లిదండ్రులు నమ్మారు, పిల్లలు నమ్మారు, కొంతకాలం నేనూ నమ్మాను. ప్రవేశపరీక్షల శిక్షణను సరుకుగా అమ్మేవారికి ఈ మాట ఎంతో అవసరం. మిగిలిపోతామన్న భయం మీదనే కదా వారి వ్యాపారం నడిచేది!

నా భ్రమను పోగొట్టింది ఒక విద్యార్థిని. ఫైలేరియా పురుగు జీవితచక్రం గురించి పరీక్షలో ఆమె రాసిన జవాబులో తప్పు పట్టడానికేమీ లేదు. మనిషి రక్తంలోని పిల్లపురుగులు, వాటిని పీల్చుకునే క్యూలెక్స్ దోమ, దోమ ఒంట్లో వాటి ఎదుగుదల, మళ్ళీ మనిషి - బొమ్మతో సహా అన్నీ ఉన్నాయి. నెల తిరక్కముందే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, మా అమ్మకు బోదకాలు. నాట్లలో బురద తొక్కి వచ్చిందంటారు. నిజంగా ఎందువల్ల వస్తుందండీ?" అని అడిగింది.

"నువ్వు పరీక్షలో రాసిందేనమ్మా అది" అన్నాను.

ఆమె నిర్ఘాంతపోయింది. సిగ్గుపడవలసినవాణ్ణి మాత్రం నేను. పుస్తకంలో పురుగునూ ఇంట్లో తల్లి కాలునూ కలపలేని చదువు ఎవరికోసం?

మా ప్రయోగశాలలో సూక్ష్మదర్శినులు లేకపోలేదు. బీరువాలో ఉన్నాయి. ప్రాక్టికల్ పరీక్ష నాడు తాళం తీస్తారు, పరీక్షాధికారి బస్సెక్కగానే వేస్తారు. పోతే ఎవరు జవాబుదారీ అన్న భయం ఒకవైపు, ఏళ్ళ తరబడి భర్తీ కాని ఉద్యోగాలు మరొకవైపు.

చిన్న కాలేజీకి పరిశోధన దేనికని అడిగేవారున్నారు. ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో ఎదుగుతుందని పాట్రిక్ మాన్సన్ 1877లో కనిపెట్టింది ఏ మహానగరపు విశ్వవిద్యాలయంలోనూ కాదు. చైనాలోని అమోయ్ రేవుపట్నంలో. దోమలకు ఒళ్ళప్పగించింది వ్యాధిగ్రస్తుడైన అతని నౌకరు. లేమిలోనే ప్రతిభ వికసిస్తుందని దీన్నుంచి నీతి తీసేవారితో నాకు పేచీ ఉంది. పాలకులకు అంతకన్న చౌకైన సాకు లేదు. మాన్సన్‌కు జీతం ఉంది, ఎదుట రోగులున్నారు, అతని సూక్ష్మదర్శినికి తాళం లేదు.

ఇక మన సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1947లో, అక్కడ డైఇథైల్ కార్బమజైన్ ఫైలేరియాకు మందుగా తేలింది. 2004 నుంచి ఈ దేశంలో ఊరూరా సామూహికంగా పంచిన మాత్ర అదే. మనం ఆయన పటానికి దండ వేస్తాం. ఆ మాత్ర చంపే పురుగును పిల్లలకు చూపించం. ముదిరిన వాపును ఆ మందు పోగొట్టలేదు. కనుక కాలు వాచకముందే రక్తం చూడాలి. అదీ రాత్రిపూట చూడాలి, ఎందుకంటే మన ప్రాంతంలో ఈ పిల్లపురుగులు పైరక్తంలోకి వచ్చేది రాత్రివేళనే. ఉదయం పదింటికి తెరిచి సాయంత్రం నాలుగింటికి మూసే కాలేజీ కంట అవి ఎన్నడూ పడవు.

సాటి ఉపాధ్యాయులారా! మురుగుకాలవలో గరిటె ముంచి దోమపిల్లలను లెక్కపెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? ఆరోగ్య కార్యకర్తలు రాత్రి రక్తం తీసేటప్పుడు పిల్లలను వెంట పంపి, ఆ గాజుపలకలను మర్నాడు మన ప్రయోగశాలలో వారిచేతనే చూపించడానికి అడ్డమేమిటి? ఖాళీలు భర్తీ చేయమని పోరాడవలసిందే. అందాకా చేతులు ముడుచుకు కూర్చోవడం మాత్రం తగదు.

విద్యార్థులారా! బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. వెళ్ళి అడగండి. నా దగ్గరే ఉంటే, నన్నూ అడగండి.