మూడు జింకులు, రెండు ఫాస్ఫేట్లు

తొమ్మిదో తరగతిలో ఫార్ములాల పాఠాన్ని క్రిస్‌క్రాస్ పద్ధతితో మొదలుపెట్టకూడదని తోటి ఉపాధ్యాయులతో చాలాకాలంగా వాదిస్తున్నాను. దీని వేలన్సీ దాని కిందికి, దాని వేలన్సీ దీని కిందికి. ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది, మార్కులూ పడతాయి. కానీ మెగ్నీషియం ఆక్సైడ్ రాయమంటే పిల్లలు ‘ఎంజీ టూ ఓ టూ’ అని రాసి, రెండు రెళ్లూ కొట్టేసి ‘ఎంజీ ఓ’ అంటారు. ఎందుకు కొట్టేశావని అడిగితే, ‘కొట్టేయాలి కదా టీచర్’ అని జవాబు. అదే అలవాటుతో సోడియం పెరాక్సైడ్‌లోని రెళ్లనూ కొట్టేస్తారు. అది తప్పు. పెరాక్సైడ్ అయాన్ అంటే ఒకదానితో ఒకటి కలిసి ఉన్న రెండు ఆక్సిజన్లు. ఆ రెండింటికీ కలిపి రెండు రుణావేశాలు. జంటను విడదీస్తే అది పెరాక్సైడే కాదు.

ముందు చెప్పాల్సింది ఆవేశాల లెక్క. ఉప్పు రవ్వలో ఒక సోడియం, ఒక క్లోరిన్ కలిసిన విడివిడి అణువులు ఉండవు. ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు, రవ్వ పొడవునా అదే వరస. ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే: మొత్తం ధనావేశం, మొత్తం రుణావేశం సమానం కావడానికి దేనికి ఎన్ని కావాలన్నది. ఇది పట్టుబడితే రెళ్లు ఎప్పుడు కొట్టేయాలో, ఎప్పుడు కొట్టేయకూడదో పిల్లలే చెబుతారు.

నేను పనిచేసే ఊళ్లో చెరువు కింద వరి, మెట్టలో వేరుశనగ. మా పిల్లల ఇళ్లలో అయానిక పదార్థాలు సంచుల్లో ఉంటాయి. వరిలో జింకు లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయమంటారు. భాస్వరం ఎరువులతో మాత్రం దాన్ని కలపవద్దని రైతులకు చెబుతుంటారు. ఎందుకు కలపకూడదో తరగతిలో చూపించడానికి రెండు గాజు గ్లాసులు చాలు. ఒకదాంట్లో జింక్ సల్ఫేట్ నీళ్లు, రెండోదాంట్లో భాస్వరం ఎరువైన డీఏపీని కరిగించి వడకట్టిన నీళ్లు. కలపగానే తెల్లగా విరిగి అడుక్కి దిగుతుంది. ఆ తెల్లనిది ప్రధానంగా నీటిలో కరగని జింక్ ఫాస్ఫేట్. జింకుకు రెండు ధనావేశాలు, ఫాస్ఫేట్‌కు మూడు రుణావేశాలు. ఆరుకు ఆరు సరిపోవాలంటే మూడు జింకులు, రెండు ఫాస్ఫేట్లు కావాలి. ఫాస్ఫేట్ చుట్టూ బ్రాకెట్ ఎందుకు పెట్టాలో ఇక్కడ నేను చెప్పనక్కర్లేదు. ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్లు కలిసికట్టుగా కదిలే గుంపు అది; ఆ గుంపులు రెండు. ‘అయితే మా నాన్న చల్లిన జింకు మొక్కకి అందదా టీచర్?’ అని ఒక అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న వచ్చిన రోజున పాఠం పూర్తయినట్టే లెక్క.

పేర్లు పెట్టడమూ అంతే, కంఠస్థం చేయించే విషయం కాదది. జింక్ సల్ఫేట్ సంచులు రెండు రకాలు: ఒకదాని మీద 21 శాతం జింకు, ఇంకోదాని మీద 33 శాతం. మొదటిది హెప్టాహైడ్రేట్, రెండోది మోనోహైడ్రేట్. హెప్టా అంటే ఒక్కో జింక్ సల్ఫేట్‌కు ఏడు నీటి అణువులు. లెక్క వేయిస్తే వంద కిలోల్లో దాదాపు 44 కిలోలు నీరే అని తేలుతుంది. పేరులోని ఆ చిన్న ముక్క చదవగలిగిన పిల్ల, రెండు సంచుల ధరలు పోల్చి ఏది గిట్టుబాటో ఇంట్లో చెప్పగలదు.

ఇనుము సంగతి ఇంకా ముఖ్యం. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ లేత ఆకులు పసుపెక్కి, ఆపైన తెల్లగా పాలిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టమంటారు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుముకు రెండు ధనావేశాలున్న రూపం. లేత ఆకుపచ్చ పలుకులు గాలి తగిలి గోధుమ రంగుకు తిరిగాయంటే మూడు ఆవేశాల ఫెర్రిక్ రూపం వచ్చిందన్నమాట. అలా మారకుండా నిమ్మ ఉప్పు ఆ ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచుతుంది. ఐరన్ టూ, ఐరన్ త్రీ అని పక్కన అంకె వేసే పద్ధతిని జర్మనీ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ స్టాక్ 1919లో ప్రతిపాదించాడు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలో ఉన్నదీ ఫెర్రస్ ఇనుమే. ఫెర్రిక్ కన్నా తేలిగ్గా ఒంటపడుతుంది. రక్తహీనతతో తరగతిలో తూగే ఆడపిల్లలకు ఆ మాత్ర ఇస్తూ, అందులోని అయాన్ గురించి చెప్పకుండా ‘ఫెర్రస్, ఫెర్రిక్ భేదం రాయుము’ అని బోర్డు మీద రాయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

పేరు చివర అక్షరాలు ప్రాణం మీదికీ తెస్తాయి. పొట్ట ఎక్స్‌రేకు ముందు తాగించేది బేరియం సల్ఫేట్. నీటిలో కరగదు కాబట్టి ఒంట్లోకి ఇంకకుండా బయటికి పోతుంది. బేరియం క్లోరైడ్ కరుగుతుంది, అది విషం. రెండింట్లోనూ బేరియం అయాన్ ఒకటే.

ఇవన్నీ చెబుతూ కూర్చుంటే సిలబస్ పూర్తికాదని కొందరు ఉపాధ్యాయుల అభ్యంతరం. మహా అయితే మూడు పీరియడ్లు అదనంగా పడతాయి. పదో తరగతిలో రసాయన బంధం పాఠానికి వచ్చేసరికి ఆ మూడూ మిగులుతాయి; అక్కడ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన పని ఉండదు. అసలు అడ్డంకి పరీక్ష. ఫార్ములా ఒక్కటే అడిగి అర మార్కు వేసినంత కాలం ఏ ఉపాధ్యాయుడైనా అడ్డదారే నేర్పుతాడు. కాబట్టి ప్రశ్నపత్రం తయారుచేసేవారికి నా విన్నపం. ‘జింక్ సల్ఫేట్, డీఏపీ ద్రావణాలు కలిపితే తెల్లని జింక్ ఫాస్ఫేట్ అడుక్కి దిగింది. దాని ఫార్ములాను ఆవేశాల లెక్కతో రాబట్టండి. ఈ రెండింటినీ రైతు కలిపి వాడితే నష్టమేమిటో రాయండి’ అని అడగండి. ఫార్ములాకు ఒక మార్కు ఇచ్చి, కారణానికి రెండు మార్కులు కేటాయించండి.