బిల్లు చదివే ఎమ్మెల్యే కావాలి

పత్తికొండ కోర్టులో నేను చూసే సివిల్ దావాల్లో పొలం తగాదాలే ఎక్కువ. గట్టు జరిపారని ఒకరు వస్తారు, అన్నదమ్ముల భాగాలు తేలలేదని ఇంకొకరు. అడంగల్‌లో ఒకరి పేరుంటే అనుభవంలో మరొకరుంటారు. రైత్వారీ పద్ధతిని ఈ సీమలో నాటిన థామస్ మన్రో 1827 జులైలో కలరా సోకి మా ఊళ్లోనే చనిపోయాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ మెట్టప్రాంతంలో పట్టా కాగితానికున్న విలువ మరి దేనికీ లేదు. వానలు మొహం చాటేసి, టమోటా ధర కోత కూలికి కూడా చాలక, ఇల్లు తాళం పెట్టి గుంటూరు మిరపకోతలకు పోయిన కుటుంబానికి కూడా తిరిగి రావడానికి నాలుగెకరాలు ఉన్నాయన్న ధైర్యం ఆ కాగితమే ఇస్తుంది.

అందుకే భూహక్కు చట్టం సంగతి నన్నింకా వదలడం లేదు. మన శాసనసభ 2022లో బిల్లు ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం పొంది 2023లో చట్టమైంది. ఆ చట్టం ప్రకారం హక్కు మీద వివాదం వస్తే టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర, ఆపైన అప్పీలు అధికారి దగ్గర తేల్చుకోవాల్సి ఉండేది. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే హైకోర్టే గతి అయ్యేది. సివిల్ కోర్టుకు అందులో చోటు లేకుండా పోయింది. రాష్ట్రమంతటా న్యాయవాదులు విధులు బహిష్కరించి రోడ్డెక్కారు. ఆ రోజుల్లో నా దగ్గరకొచ్చిన ఒక పెద్దాయన, "కర్నూలుకు పోయేదానికే చార్జీలు జూసుకోవల్ల సార్, ఇంగ హైకోర్టు యాడుందని పోదును?" అన్నాడు. 2024 జులైలో కొత్త సభ ఆ చట్టాన్ని రద్దు చేసింది.

పెట్టిన పార్టీ ఏది, తీసేసిన పార్టీ ఏది అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. కోర్టు వరండాలో పెద్దాయనకు అర్థమైన చిక్కు సభలో ఓటు వేసేటప్పుడు ఎందుకు అడ్డం రాలేదు? సభల్లో లా చదివినవాళ్లు ఎప్పుడూ ఉంటూనే ఉన్నారు. నల్లకోటు విప్పి ఖద్దరు తొడుక్కున్న రోజే సెక్షన్లు చదివే అలవాటును కూడా విప్పి పక్కన పెడుతున్నారా? నాకు నిజంగా ఆవేదన కలిగించేది ఇదే.

ఆ అలవాటు వదలని న్యాయవాది నాయకుణ్ని మా జిల్లా ఒకప్పుడు చూసింది. కర్నూలు పక్క పెదపాడులో 1921లో ఒక నిరుపేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య పసిగుడ్డుగానే తండ్రిని పోగొట్టుకున్నాడు. అనంతపురంలో డిగ్రీ, మద్రాసులో లా పూర్తి చేశాడు. న్యాయవాదిగా పేరు నమోదు చేసుకున్న 1950లోనే తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో చేరాడు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు కూడా నిండలేదు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. ఆ పదవిలో ఉన్నది రెండేళ్లకు కాస్త పైన.

ఆ రెండేళ్లలో ఏం చేశాడో చూడండి. దిక్కులేని ముసలివాళ్లకు పింఛను మొదలైంది ఆయన హయాంలోనే. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) 1961 జనవరిలో పుట్టింది. ఈ రెంటికీ వెనకున్నది వకీలు బుద్ధేనని నా నమ్మకం. ముసలివాడు ఎవరి దయకో కాచుకోకుండా, తన పేరు జాబితాలో ఎందుకు లేదని నిలబడి అడగగలిగే ఏర్పాటు పింఛను. లంచం అడిగిన ఉద్యోగి మీద ఫిర్యాదు తీసుకునేందుకు ఒక గడప ఏసీబీ.

ఢిల్లీలో ఆయన కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన 1965 బోనస్ చట్టం ఇంకా గొప్పది. అంతకుముందు బోనస్ కోసం కార్మికులు ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగాలి, లాభనష్టాల లెక్కల మీద వాదులాడాలి. లాభమున్నా లేకపోయినా జీతంలో కనీసం 4 శాతం ఇచ్చి తీరాలని ఆ చట్టం రాసిపెట్టింది. ఇప్పుడది 8.33 శాతం. వ్యాజ్యాన్ని హక్కుగా మార్చిన ఇలాంటి చట్టం విలువ, కేసు ఎన్నేళ్లు నడుస్తుందో చూసినవాళ్లకు బాగా తెలుస్తుంది. హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టుకు, విశాఖలోని న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ పని తీరును మాత్రం తీసుకోలేదు.

ఇందులో మన తప్పూ ఉంది. రోడ్డు, బోరు, బదిలీ, ఆసుపత్రికి సిఫార్సు ఉత్తరం... ఎమ్మెల్యేను మనం అడిగేది ఇంతే. అవసరాలు నిజమైనవే, కాదనను. కానీ ఆ పనులు చూడటానికి సర్పంచులు, జడ్పీటీసీలు, ఆఫీసర్లు ఉన్నారు. రాష్ట్రానికి చట్టం చేసే అధికారం వీళ్లలో ఎవరికీ లేదు, శాసనసభ్యుడికే ఉంది. ఆ పని అతను చేయకపోతే సెక్రటేరియట్‌లో తయారైన కాగితం మక్కీకి మక్కీ చట్టమై మన పొలం మీదికి వస్తుంది.

ముసాయిదా బిల్లును కనీసం 30 రోజులు జనం ముందుంచి అభిప్రాయాలు తీసుకోవాలని 2014లోనే కేంద్రం తన శాఖలకు చెప్పింది. మన రాష్ట్రం దాన్ని కచ్చితమైన నియమంగా పెట్టుకోవాలి. బిల్లు తెలుగులో ఉండాలి, ప్రతి తాలూకా బార్ అసోసియేషన్‌కూ ఒక ప్రతి రావాలి. భూమి, నీళ్లు, కౌలు మీద వచ్చే బిల్లేదైనా సెలెక్ట్ కమిటీ చూడకుండా ఓటింగుకు రాకూడదు. పత్తికొండ, ఆలూరు, డోన్ కోర్టుల్లోని నా తోటి న్యాయవాదులారా, చట్టమయ్యాక బహిష్కరణలు చేయడం కంటే బిల్లుగా ఉన్నప్పుడే మన ఎమ్మెల్యేల ఇంటికి వెళ్లి ఒక్కో సెక్షనూ చదివి వినిపిద్దాం. ఓటరు మహాశయులారా, ఈసారి మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు సంగతి అడిగాక ఇంకో మాట కూడా అడగండి: పోయిన సమావేశాల్లో ఏ బిల్లు చదివారు, దాని మీద ఏం మాట్లాడారు?