కంచములోని చక్కెర, కణముపైని చక్కెర

"చక్కెర క్యాన్సరునకు మేత, అది మానినచో రోగము మాడి చచ్చును" అను మాట నేడు పట్టణములనుండి పల్లెలకు ప్రాకినది. ఉదయగిరి కొండక్రింది పల్లెలును, ఆత్మకూరు పరిసరములును దీనికి వెలి గావు. అన్నము, పాలు, పండ్లు మాన్పింపబడిన రోగి మందును తట్టుకొను బలమునే కోల్పోవును గనుక నిజమేమో చెప్పుట మా విధి.

క్యాన్సరు కణములు గ్లూకోజును మిక్కిలిగా వాడుకొనుట వాస్తవమే. కాని మనము తీపి మానినను శరీరము ఇతరాహారమునుండి గ్లూకోజును తయారుచేసికొని కణములన్నింటికిని పంచును. రోగకణ మొక్కటియే పస్తుండదు.

శాస్త్రజ్ఞులు చెప్పు మఱియొక చక్కెర కలదు. కణముల వెలుపలి పొరపై చక్కెర అణువులు గొలుసులుగా వ్రేలాడుచుండును. వానిలో హెపరాన్ సల్ఫేటు ఒకటి. హెపరనేజు అను ఎంజైము ఈ గొలుసులను త్రెంచినచో క్యాన్సరు వ్యాపించుటకు త్రోవ యేర్పడును. 1978లో అమెరికాలో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ ముఖ్యముగా కణములోపలి డి.ఎన్.ఏ.ను పట్టును. తరువాత నికొలస్ ఫారెల్ బృందము పరిశోధించిన బహుప్లాటినము సమ్మేళనములో, ధనవిద్యుదావేశము గలవగుటచే, ఋణావేశము గల ఆ చక్కెర గొలుసులనే అంటిపెట్టుకొని ఎంజైమునకు అడ్డు నిలుచుచున్నవి. ఇది యింకను పరిశోధనదశయందే యున్నది. ఈ గొలుసులను కణము తానే అల్లుకొనును. కాఫీలో చక్కెర మానినంత మాత్రమున అవి తెగిపోవు.

ఈ వివేకము మనకు క్రొత్త గాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో అమినోప్టెరిన్ తయారైనది. దానితో సిడ్నీ ఫార్బరు 1947-48లలో రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికోపశమనము కలిగించెను. అది కణమునకు ఫోలిక్ ఆమ్లము ఉపయోగపడకుండ చేయును. కణమును మాడ్చినది మందు. బిడ్డ కంచమును లాగివేయుట కాదు.

చక్కెరవ్యాధి గలవారు వైద్యుని పథ్యమును పాటింపవలసినదే. తక్కినవారు వైద్యు నడుగక ఆహారము మానరాదు. ఇక ప్రభుత్వమునకు మా మనవి: చికిత్సకై ఉదయగిరినుండి నెల్లూరునకు పోవు పేదరోగికి ప్రతి ప్రయాణమును కూలి నష్టమే. విడతల నడుమ వలయు రక్తపరీక్షలును, ఆహారపు సలహాయు ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రులలోనే తప్పక లభింపవలెను. సరియైన మాట పల్లెకు చేరనిచోట వదంతి వైద్యుడై కూర్చుండును.