భేదం, సంభేదం: ఒక ఇంగ్లీషు క్రియను తెలుగు చేయడం గురించి

కొన్నేళ్ళ క్రిందట దివిసీమ నుండి ఒక రైతు రెండు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఒకటి ఇంగ్లీషులో వ్రాసిన విచారణ నివేదిక. రెండవది దానికి తెలుగు. మురుగుకాలువ గట్టు రాత్రివేళ తెగి అతని చేను మునిగింది. ఇంగ్లీషు కాగితంలో ‘బ్రేక్’ క్రియ కర్మ లేకుండా ఉన్నది. గట్టు తెగినదని మాత్రమే దాని అర్థం. తెలుగు చేసినవారు ‘గట్టును తెగగొట్టినారు’ అని వ్రాశారు. తెగగొట్టినది ఎవరన్న ప్రశ్న ఆ మాటతోనే పుట్టింది. ప్రక్క చేని ఆసామి మీదికి అనుమానం పోయింది. రెండు ఇళ్ళ మధ్య మాటలు నిలిచిపోయాయి. ఆ తెలుగు చేసినవారు ప్రాచ్యకళాశాలలోనే చదువుకొన్నవారని తెలిసి నాకు సిగ్గు వేసింది. తప్పు వారిది మాత్రమే కాదు, మన బోధనది కూడా.

ఇది చిన్న విషయమని అనుకోరాదు. చెరువుగట్టును తెగగొట్టిన వానికి మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం మరణదండన విధించింది. గట్టు తానుగా తెగిందా, ఒకరు తెంచారా అన్న భేదం మీద ఒక ప్రాణం ఆధారపడి ఉండేది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన సీమ ఇది. ‘గండి పడింది’ అనే మాటకు, ‘గండి కొట్టారు’ అనే మాటకు ఉన్న దూరం ఇక్కడి నిరక్షరాస్యునికి సైతం తెలుసు. శాస్త్రం చదివిన మనకు తెలియకపోతే ఎట్లా?

ఆ ఇంగ్లీషు క్రియ చేసే పనులు అనేకం. కుండ పగిలినా, కొమ్మ విరిగినా, త్రాడు తెగినా ఇంగ్లీషువారికి అది ఒక్కటే క్రియ. తెలుగువాడు ముందుగా వస్తువును చూస్తాడు. సాగి వంగేది తెగుతుంది, గట్టిగా పొడవుగా ఉన్నది విరుగుతుంది, పెళుసైనది పగులుతుంది. ఒకరు చేసినప్పుడు తెంచడం, విరవడం, పగులగొట్టడం అవుతుంది. సంస్కృతానికీ ఈ వివేకం ఉన్నది. కుండకు, కట్టెకు భిద్, త్రాటికి ఛిద్, వింటికి భంజ్ తగిన ధాతువులు. మూడూ రుధాది గణంలోనివే. ధాతుపాఠం వాటికి క్రమంగా విదారణం, ద్వైధీకరణం, ఆమర్దనం అని వేరువేరు అర్థాలు చెప్పింది. శివధనుర్భంగం అంటాము గాని శివధనుశ్ఛేదం అనము. తెలుగులోనూ రాముడు విల్లు విరిచాడు, తెంచలేదు.

ఇక ఆ క్రియకు తరువాత చేరే చిన్న పదాలు మరొక చిక్కు. ‘డౌన్’ చేరితే గుడివాడ బస్సు దారిలో చెడిపోతుంది, లేదా మనిషి కుప్పకూలి ఏడుస్తాడు. ‘అవుట్’ చేరితే జాడ్యం ప్రబలుతుంది, నిప్పు అంటుకొంటుంది. ‘ఇన్’ చేరితే దొంగ చొరబడతాడు, కోడెదూడను కాడికి మప్పుతారు. ‘ఆఫ్’ చేరితే సంబంధం తెగిపోతుంది. ‘అప్’ చేరితే సభ ముగుస్తుంది. ఉపపదం లేకపోయినా మాట తప్పడం, ఉపవాసం విడవడం అక్కడ ఆ క్రియతోనే సాగుతాయి. ఇన్నింటికీ ‘భగ్నం’, ‘విచ్ఛిన్నం’ అనే రెండు తత్సమాలు పెట్టి అనువాదం అయిందనుకోవడం మన పండితవర్గం చేస్తున్న తప్పు. వ్రతభంగం సరే. బస్సు భగ్నమైనదంటే గుడివాడలో నవ్వరా?

ఈ ఉపపదాలు మనకు వింత కావు. ప్రాదులు ఇరవైరెండు ఇదే పని చేస్తున్నాయి. భిద్ ధాతువునే చూడండి. ‘ఉత్’ చేరితే భూమిని చీల్చుకొని వచ్చే మొక్క ఉద్భిదం. ‘ప్ర’ చేరితే రకమనే అర్థంలో ప్రభేదం. ‘సమ్’ చేరితే చీల్చడం పోయి కలయిక వస్తుంది. సంభేదమంటే నదీసంగమమని అమరకోశం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలడం భేదం. హంసలదీవి దగ్గర సాగరంలో కలవడం సంభేదం. ధాతువు ఒక్కటే, అర్థాలు ఎదురెదురు. యూరపులోని స్లొవేనియన్ భాష కూడా ఈ మార్గంలోనే నడుస్తుంది. అక్కడ విరవడానికి ‘లోమితి’ అనే క్రియ ఉన్నది. ముందు ఒక ఉపసర్గ చేరితే ‘ఓడ్లోమితి’ విరిచి వేరు చేయడం, మరొకటి చేరితే ‘వ్లోమితి’ దొంగతనంగా చొరబడడం. ఇంగ్లీషు పుస్తకాన్ని స్లొవేనియన్‌లోకి తెచ్చేవాడు ధాతువు వెనుకనున్న పదాన్ని ధాతువు ముందుకు తేవలసి వస్తుంది.

లోకంలో ఉపసర్గ ధాతువుకు ముందే ఉండాలన్నాడు పాణిని (1-4-80). కాని వెంటనే ఛందస్సులో అది ధాతువు తరువాత కూడా రావచ్చునని (1-4-81), మధ్య వేరే పదం అడ్డుపడవచ్చునని (1-4-82) మినహాయింపులు ఇచ్చాడు. ఇంగ్లీషువారి క్రియ, దాని వెనుక చిన్న పదం, నడుమ దూరిన కర్మ ఈ మూడింటినీ వైదికప్రక్రియ చదివిన విద్యార్థి ఒక్క నిమిషంలో గుర్తుపట్టగలడు. ఆ పోలికను మనం ఎవరమూ వానికి చూపడం లేదు.

తెలుగు చేసే పద్ధతి వేరు. దీనికి తనదైన ఉపసర్గ లేదు. క్రియ తరువాత మరొక క్రియ నిలుస్తుంది. త్రాడు తెగిపోయింది అంటే వశం తప్పింది. తెంచివేశాడు అంటే నిశ్చయించి చేశాడు. తెంచుకొన్నాడు అంటే ఫలం తనకే చెందింది. ఈ ‘కొను’ ధాతువు ఆత్మనేపదం చేసే పనికి చాలా దగ్గరగా ఉన్నది. ఇక కర్మయే కర్తగా నిలిచే ప్రయోగాన్ని పాణిని కర్మవద్భావంతో (3-1-87) సాధించాడు. కట్టె తనంత తానే చీలుతుందని చెప్పడానికి సంస్కృతానికి అంత ప్రయత్నం కావలసివచ్చింది. తెలుగుకు ‘తెగు’ అనే చిన్న అకర్మకం చాలు. ఇది పేదరికమా, సంపదా? ఒక్క ఇంగ్లీషు మాటకు పది తెలుగు మాటలు వెదకవలసి వస్తున్నదని తెలుగును తక్కువ చేసేవారు ఈ సంగతి ఆలోచించాలి.

రూఢిని కాదనడం నా ఉద్దేశం కాదు. రికార్డు బద్దలైందని పత్రికలు వ్రాస్తే జనం గ్రహించారు, అది నిలిచింది. రూఢికి యోగం తలవంచవలసిందే. కాని రూఢి లేనిచోట నిఘంటువులోని మొదటి మాట తీసి అంటించడం అనువాదం కాదు. ఒకప్పుడు బందరులో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర మనకు గొప్ప నిఘంటువులు ఇచ్చాడు. ఏ నిఘంటువైనా మాటలు చూపుతుంది గాని ఎంపిక చేయదు. ఎంపిక చేసేది కారకజ్ఞానం.

కావున నా మనవి ఇది. మన కళాశాలలలో అనువాదం చెప్పేటప్పుడు విద్యార్థి చేత మూడు ప్రశ్నలు వేయించాలి. ఈ క్రియకు కర్మ ఉన్నదా, లేక కర్మయే కర్తగా నిలిచిందా? మార్పు పొందిన వస్తువు స్వభావమేమిటి? ఫలం ఎవరికి చెందింది? ఈ మూడూ తేలిన తరువాతనే నిఘంటువు తెరవాలి. పరీక్షలో మార్కులు కూడా ఈ విచారణకే ఎక్కువగా ఇవ్వాలి. సూత్రాలు వల్లించిన వారు మన వద్ద ఇంకా ఉన్నారు. వాటిని ఒక రైతు కాగితం మీద ప్రయోగించగలవారు తగ్గిపోతున్నారు. అట్లా తగ్గిపోతే వ్యాకరణం ఎందుకని లోకం అడుగుతుంది. అప్పుడు మన వద్ద జవాబు ఉండదు.

ఆ రైతు కాగితం మీద ‘తెగగొట్టినారు’ కొట్టివేసి ‘తెగినది’ అని వ్రాసి ఇచ్చాను. రెండు మూడు అక్షరాల మార్పు. అది మొదటనే జరిగి ఉంటే ఆ రెండు ఇళ్ళ మధ్య భేదం రాకపోయేది.